అడ్డం ముందు, నిలువు తర్వాత

ఆ కర్టెన్ కింది అంచు కుట్టు ఊడింది. జానెడు మేర. వచ్చి కూర్చున్న దగ్గర్నుంచీ అదే చూస్తున్నాను, ఫ్యాను గాలికి ఆ ఊడిన ముక్క ఇటొకసారి అటొకసారి ఊగుతోంది, సూదీ దారం ఉంటే రెండు నిమిషాల పని, కానీ ఆడిటర్ గారి ఆఫీసుకు సూదీ దారం పట్టుకొచ్చేవాడెవడు, ఇక్కడికి అందరూ సంచులు పట్టుకొస్తారు. ఈరోజు లెక్కల సంవత్సరానికి ఆఖరి రోజు. బెంచీల మీద ఇరవైమందిమి, ఇరవై సంచులు, నా చేతిలో పద్నాలుగో నంబరు చీటీ. లోపలి గది తలుపు ఇప్పటికి ఎనిమిదిసార్లు తెరుచుకుంది. ఆ కర్టెన్ పదకొండేళ్ళ క్రితం నేను కుట్టిందే. కొలత తీసింది అక్క. ఈ బెంచీనే గోడకు జరిపి, చెప్పులు విప్పి, దాని మీదికెక్కి, నోట్లో పెన్సిలు పెట్టుకుని టేపు లాగింది, "అయ్యా, మీ కిటికీ ఒక పక్కకి ఒరిగిందండీ, లెక్కలు మాత్రం ఒరగనీకండి" అంది ఆడిటర్ గారితో, ఆయన నవ్వడం నేను చూసింది ఆ ఒక్కసారే. సాయంత్రం అయిదున్నరకు పుస్తకాలు మూసేస్తారట. ఆలోగా అక్క పేరు మా షాపు పుస్తకాల్లో ఉండాలో పోవాలో నేను చెప్పాలి.

"ఉంచుదామా, తీసేద్దామా?" అన్నారు నిన్న ఫోన్లో ఆడిటర్ గారు, పాత గోనెసంచి గురించి అడిగినట్టు. ఆయన తప్పేం లేదు, ఆయనకది పుస్తకంలో ఒక వరస. జీతాలు అన్న పేజీలో మొదటి వరస అక్కది, తర్వాత మిషను మీద కూర్చునే ఇద్దరు ఆడవాళ్ళది. నిజానికి ఆ వరస పెట్టించింది కూడా ఆయనే. పద్నాలుగేళ్ళయింది. అప్పటిదాకా షాపు నాది, పని ఇద్దరిదీ, డబ్బు డ్రాయరుది, ఎవరికి కావలసినప్పుడు వాళ్ళు తీసుకునేవాళ్ళం. ఆయన కళ్ళజోడు పైకి నెట్టుకుని, "మీ అక్కగారు పొద్దున్నుంచి సాయంత్రం దాకా పనిచేస్తారు కదా, జీతం ఇవ్వరేం? జీతం ఇస్తే అది షాపు ఖర్చు, మీ లాభం తగ్గుతుంది, పన్ను తగ్గుతుంది, ఆమెకో ఆదాయమూ ఉంటుంది" అన్నారు. ఇంటికొచ్చి చెప్తే అక్క పడీపడీ నవ్వింది. "నాకు జీతమేంట్రా చిన్నోడా, నేను రేపట్నుంచి లేటుగా వస్తే కోస్తావా?" అంది. నాకప్పటికే ముప్పై దాటాయి, అయినా చిన్నోడినే. మొదటి నెల జీతం తీసుకుని వోచరు మీద సంతకం పెట్టి, ఆ సాయంత్రమే ఆ డబ్బుతో షాపుకి రెండు తానుల అస్తరుగుడ్డ కొనుక్కొచ్చింది. ఆడిటర్ గారికి తెలిసి తల పట్టుకున్నారు. ఇచ్చినట్టు చూపించడం కాదమ్మా, నిజంగా మీది కావాలి, మీ పేరు మీద బ్యాంకులో పడాలి అని పిల్లలకు చెప్పినట్టు చెప్పారు. అలా మా అక్క నా దగ్గర జీతానికి కుదిరింది. అది మా ఇద్దరికీ ఒక వేళాకోళం, అంతే. ప్రతినెలా ఒకటో తారీకున "యజమాని గారూ, సంతకం ఎక్కడ పెట్టమంటారు?" అని చేతులు కట్టుకుని నిలబడేది.

పక్కన కూర్చున్నాయన బేకరీ యజమాని, ముఖం మాడ్చుకుని ఉన్నాడు. ఏమైందంటే లాభం వచ్చిందట. లాభం వచ్చిందని ఏడ్చే మనుషుల్ని చూడాలంటే ఈ రోజున ఈ గదికి రావాలి. "పొయ్యి కొనమంటున్నారండీ, ఈరోజే కొని, ఈరోజే వెలిగించాలట, అప్పుడే తరుగుదల కింద దాని ధరలో కొంత లాభంలోంచి తీసేస్తారట. ఈ పూట పొయ్యి ఎక్కడ దొరుకుతుంది చెప్పండి?" అన్నాడు. ఎదురుగా ఉన్న సైకిళ్ళ షాపాయన, "నేను రాని బాకీలన్నీ కొట్టేయిస్తున్నా, ఇక రావులే అని రాసిస్తే వాటికి పన్ను ఉండదట" అని తన సంచిని తొడ మీద తట్టాడు. "మీరేం చేస్తున్నారు?" అని నన్నడిగాడు బేకరీ ఆయన. నేను ఏం చేస్తున్నాను? "ఒక పేరుందండీ" అన్నాను. ఇంకేదో చెబుతాననుకుని చూశాడు, తర్వాత మళ్ళీ పొయ్యి గురించి ఎవరికో ఫోన్ చేసుకున్నాడు. ఇక రావులే అని రాసిస్తే చాలట. అంత తేలిక.

పోయినవారం ఆడిటర్ గారు పన్నెండు వోచర్లు అక్క ఉండే ఊరికి పోస్టులో పంపారు, నెలకొకటి చొప్పున, సంతకం పెట్టి పంపమని. నిన్నటికీ రాలేదు. "ఆమె ఏడాదిగా ఇక్కడ లేరు, మీరు మాత్రం నెలనెలా జీతం వేస్తూనే ఉన్నారు. జీతమంటే పని చేసినవాళ్ళకి. పని ఉందంటే ఏం పనో చెప్పాలి, ఆమె సంతకం కావాలి. లేదంటే అది మీరు తోబుట్టువుకిచ్చిన కానుక. తప్పు లేదు, మీ సొంత ఖర్చులో రాసేసి ఆమె పేరు షాపులోంచి తీసేస్తాను, కాస్త పన్ను ఎక్కువ కడతారు, అంతే. ఒకమాట ఫోన్ చేసి కనుక్కోండి" అన్నారు. చూస్తానండీ అన్నాను. నేను ఫోన్ చేయనని ఆయనకి తెలుసు. మా ఆవిడకీ తెలుసు, రాత్రి అన్నం పెడుతూ "సొంత అక్కకి ఫోన్ చేయడానికి ముహూర్తం కావాలా?" అంది. ముహూర్తం కాదు, మొహం కావాలి.

నోరు జారాను. పోయిన ఏడాది ఇవే రోజులు. అంతకు ముందు ఒక రైలు గార్డు వచ్చాడు షాపుకి, భార్య పోయి పదేళ్ళయిన మనిషి, తెల్ల చొక్కా, జేబులో విజిలు, ఒంటిగది క్వార్టరుకి ఒకే ఒక్క కిటికీ, దానికి కర్టెన్ కావాలన్నాడు. అక్క కొలతకి వెళ్ళింది. మళ్ళీ వారం మళ్ళీ వెళ్ళింది, కడ్డీ వంకరగా ఉందని. తర్వాత రంగు నప్పుతుందో లేదో చూడాలని. తర్వాత ఎందుకో నాకు చెప్పలేదు. ఒక్క కిటికీకి నాలుగుసార్లు కొలత! పెద్ద హోటలుకి అరవై కిటికీలు ఒక్క పూటలో కొలిచిన మనిషి! మిషను మీది ఆడవాళ్ళు ముసిముసిగా నవ్వుకుంటుంటే కూడా నాకు వెలగలేదు, వెలగలేదంటే వెలగనివ్వలేదు. నలభై తొమ్మిదేళ్ళ అక్క ఒక సాయంత్రం షట్టరు సగం దించాక, గుడ్డముక్కలు ఊడుస్తూ ఊడుస్తూ, నా వైపు చూడకుండా, "ఒరేయ్, నేను ఆయన్ని చేసుకుందామనుకుంటున్నా. ఆయనకి బదిలీ అయింది. నేనూ వెళ్తా" అంది. నేను అనాల్సిన మాటలు వంద ఉన్నాయి. అమ్మ పోయినప్పుడు నన్ను పెంచినదానివి, నీ పుస్తకాలు మానేసి నాకు మిషను కొనిపెట్టినదానివి, వెళ్ళు అక్కా, హాయిగా వెళ్ళు, ఇలాంటివి. నాకు భయమేసింది. భయమేస్తే నాకు కోపం వస్తుంది, చిన్నప్పట్నుంచీ అంతే. "సరే, నీ జీతం లెక్క తేల్చేస్తాను, వెళ్ళు" అన్నాను. జీతం. మేమిద్దరం పదమూడేళ్ళు వేళాకోళమాడుకున్న మాట అది, దాన్నే తీసి అక్క ముఖాన కొట్టాను. అక్క చీపురు గోడకి ఆనించింది. డ్రాయరు పక్కన ఉన్న షాపు పాత సెల్‌ఫోను తీసి, "ఇది నేను పట్టుకెళ్తా" అంది. "ఆ డొక్కుది ఎవడికి కావాలి" అన్నాను. అదే మేం చివరగా మాట్లాడుకున్న మాట. డొక్కు ఫోను గురించి. వాళ్ళ పెళ్ళి రిజిస్ట్రారు ఆఫీసులో జరిగింది, మా ఆవిడ వెళ్ళింది, నేను అర్జెంటు ఆర్డరుందని చెప్పి ఖాళీ మిషను తొక్కుతూ కూర్చున్నాను.

పదో నంబరు. తలుపు తెరుచుకుని సైకిళ్ళాయన లోపలికి వెళ్ళాడు, రాని బాకీలతో. ఒకటో తారీకు వచ్చింది, నేను తేల్చేస్తానన్న లెక్క తేల్చలేదు, ఎప్పట్లాగే అక్క పేరున జీతం వేశాను. ఎందుకు వేశానో నాకే తెలియదు. క్షమించు అని రాయడానికి బ్యాంకువాళ్ళ కాగితంలో గడి ఉండదు, ఆ జీతమే ఉంటుంది. తర్వాతి నెలా వేశాను. అటునుంచి మాట లేదు, తిప్పి పంపడమూ లేదు, నాకదే చాలనిపించింది, నెలకోసారి ఆ డబ్బు అక్క దగ్గరికి వెళ్ళి తలుపు కొట్టి వచ్చినట్టుండేది. షాపులో మాత్రం నానా తంటాలు. కొలతలకి నేనే వెళ్ళాల్సొచ్చింది. ఈ పనిలో అందరూ నిలువు ముందు రాస్తారు, అడ్డం తర్వాత. మా అక్క ఒక్కతే అడ్డం ముందు రాసేది. ఎవరు చెప్పినా వినేది కాదు, "కిటికీలోంచి చూసేటప్పుడు నువ్వు ముందు అటూ ఇటూ చూస్తావా, పైకీ కిందకీ చూస్తావా?" అనేది, అడ్డం అంకె కింద రెండు గీతలు గీసేది. ఇరవై రెండేళ్ళు ఆ చీటీలు చదివి చదివి నాకూ కళ్ళకి అదే అలవాటైపోయింది, కాని చేత్తో రాసేటప్పుడు అందరిలా రాశాను. ఇంకేముంది, పళ్ళ డాక్టరు గారి హాలుకి పదకొండు కర్టెన్లు, నా చీటీ నేనే తిరగేసి చదివి కుట్టేశాను. కడ్డీకి తగిలిస్తే మోకాళ్ళ దాకా వచ్చి ఆగిపోయాయి, అడ్డం మాత్రం గోడంతా పాకేంత ఉంది. డాక్టరు గారు నోరు తెరిచి చూస్తూ ఉండిపోయారు, రోజూ ఆయన ముందు మనుషులు చేసే పని. ఆ గుడ్డ డబ్బంతా నా నెత్తినే పడింది. అది చెబితే అక్క ఎంత నవ్వేదో, పొట్ట పట్టుకుని, కళ్ళ నీళ్ళు తుడుచుకుంటూ, "ఆ మిగిలిన అడ్డంతో ఆయనకి ధోవతి కుట్టివ్వరా" అనేదేమో. చెప్పడానికి లేదు. నవ్వొచ్చే సంగతి జరిగినప్పుడే మనిషి లేని లోటు ఎక్కువ తెలుస్తుంది. షాపులో ఏదైనా జరగగానే తల ఎడమ పక్కకి తిరుగుతుంది ఇప్పటికీ, అక్క స్టూలు ఉండే వైపు.

తర్వాత ఎందుకో కొంచెం దారిన పడింది. పాత ఖాతాదార్లు వాళ్ళే కొలతలు రాసుకుని రావడం మొదలుపెట్టారు. లాయరు గారి భార్య, స్కూలు వాళ్ళు, మూడో వీధి అద్దె ఇళ్ళ యజమాని. చిన్న చిన్న చీటీలు, మడతకి రెండు వేళ్ళు కలిపి మరీ రాసి, కడ్డీ ఎత్తుతో సహా. జనం తెలివి మీరారనుకున్నాను. మనకి శ్రమ తగ్గిందిలే అనుకున్నాను. ఆ చీటీలన్నీ మేకుకి గుచ్చి ఉన్నాయి ఇప్పటికీ, లాయరు గారి భార్యది పైనే ఉంది, నిన్న కూడా చూశాను, ఆకుపచ్చ సిరాతో అడ్డం ముందు, కింద రెండు గీతలు, నిలువు తర్వాత. ఆవిడేమిటి అడ్డం ముందు రాసింది అనిపించింది, ఇంతలో మిషనుకి దారం తెగింది, లేచి వెళ్ళాను. ఆ మేకుకే అన్నిటికంటే అడుగున ఇంకో చీటీ ఉంది. గార్డు క్వార్టరుది, ఒక్క కిటికీ. గుడ్డ కత్తిరించాను కాని కుట్టలేదు. నీలం గుడ్డ, సన్న చారలు. ఏడాదిగా బల్ల కింద మడత పెట్టి ఉంది. కుట్టి ఇచ్చేస్తే ఆ కిటికీ పని పూర్తయిపోయినట్టు, అక్క ఇక వెళ్ళిపోయినట్టే అని ఏదో పిచ్చి. నాకు అక్క కావాలి. నలభై ఏడేళ్ళవాణ్ణి, ఇద్దరు పిల్లల తండ్రిని, ఈ బెంచీ మీద కూర్చుని సిగ్గు లేకుండా అనుకుంటున్నాను, నాకు మా అక్క కావాలి. పేరు తీసేస్తే పన్ను తప్ప నష్టం లేదంటారు ఆడిటర్ గారు. తీసేయకపోతే ఏదో ఒకరోజు వస్తుందని ఉంటుంది కదండీ. ఆ మాట ఏ పేజీలో రాస్తారు?

"పద్నాలుగు" అంది టైపిస్టమ్మ. లేచాను. వెళుతూ వెళుతూ ఆ ఊడిన అంచుని వేలితో పట్టుకుని చూశాను, లోపలి మడత రెండు వేళ్ళు, కచ్చితంగా రెండు వేళ్ళు. అది అక్క లెక్క.

లోపల ఆడిటర్ గారు కళ్ళజోడు పైకి నెట్టుకుని, "కూర్చోండి. ఏమనుకున్నారు?" అన్నారు. "తీసేయండి" అందామని నోరు తెరిచాను, సంతకాలు రాలేదంటే అక్కకే ఇష్టం లేదన్నమాట, దాన్ని ఇంకా పట్టుకుని వేలాడటం దేనికి. ఈలోగా ఆయనే బల్ల మీది ఒక గోధుమరంగు కవరు నా వైపు జరిపారు. "పొద్దున్న మొదటి బండికి మీ బావగారు డ్యూటీలో వచ్చారు. బండి ఆగిన పది నిమిషాల్లో స్టేషన్ నుంచి పరుగున వచ్చి ఇచ్చి, మళ్ళీ పరుగున వెళ్ళారు, ఆ వయసులో." బావగారు. ఆ మాట నేనెప్పుడూ అనలేదు. ఏడాదిగా గార్డు, గార్డు.

కవర్లో వోచర్లు. తిప్పి చూసినవాటన్నింటి మీదా అక్క సంతకం, చివర చిన్న తోకతో. వాటి కింద ఒక నోటుపుస్తకం, స్కూలు పిల్లలది. ఆడిటర్ గారు తెరిచి నా ముందు పెట్టారు. తారీకు, ఎవరి ఇల్లు, ఎన్ని కిటికీలు. అడ్డం ముందు, కింద రెండు గీతలు. లాయరు గారి ఇల్లు. స్కూలు, రెండో అంతస్తు. మూడో వీధి అద్దె ఇళ్ళు. పళ్ళ డాక్టరు గారి దగ్గర ఒక పక్కన చిన్న అక్షరాలతో "మళ్ళీ కొలిపించాను, పాపం మావాడు తిరగేశాడు" అని ఉంది. నాకు అక్షరాలు అలుక్కుపోయాయి.

"మీ షాపు పాత నంబరు ఆమె దగ్గరే ఉందట కదా, పాతవాళ్ళందరూ దానికే చేస్తారట" అన్నారు ఆడిటర్ గారు. "టేపు ఎలా పట్టుకోవాలో ఫోన్లోనే చెప్పి, కొలతలు రాయించి, మీ దగ్గరికి పంపుతున్నారు. అరవై మూడు ఆర్డర్లు, నేను మీ బిల్లులతో సరిచూశాను. ఇది పనే. నాకు అభ్యంతరం లేదు." నోటుపుస్తకం మూసి, "మీకింకో సంగతి చెప్పొచ్చో లేదో, ఆమెకీ నేనే రాస్తాను కదా లెక్కలు. నిన్న ఫోన్లో చెప్పాను, అమ్మా, తమ్ముడిచ్చిన కానుక అని రాసుకుంటే మీకు చిల్లిగవ్వ పన్ను పడదు, జీతమంటే పడుతుంది, ఆలోచించుకోండి అని. 'కానుకేంటండీ, నేను షాపు మనిషిని. జీతమనే రాయండి, పన్ను నేను కట్టుకుంటా' అన్నారు" అన్నారు. ఈ ఆఖరి రోజుల్లో తనతో పన్ను కడతానని అన్న మనిషి ఆమె ఒక్కతేనట, ఆయనే అన్నారు, ముక్కు తుడుచుకుంటూ.

వోచర్లు లెక్కపెట్టాను. పదకొండు. మళ్ళీ లెక్కపెట్టాను. పన్నెండోది అడుగున ఉంది, ఈ నెలది, ఖాళీగా. "దీని మీద సంతకం లేదండీ" అన్నాను. "నేనూ అడిగాను. 'అది వాడొచ్చి పెట్టించుకోవాలి' అన్నారట అక్కగారు" అని ఆయన గోడ గడియారం వైపు చూశారు. "పదకొండుంబావు. పన్నెండింటికి బండి ఉంది, రెండు గంటల ప్రయాణం. మీ కోసం ఈరోజు ఆరింటిదాకా తలుపు వేయను. వెళ్ళండి మరి, వెనక ఇంకా ఆరుగురున్నారు."

బయటికొచ్చాను. బేకరీ ఆయన పొయ్యి దొరికిందన్నట్టు బొటనవేలు చూపించాడు. టైపిస్టమ్మ బల్ల మీది ఫోను అడిగాను, నాది జేబులో ఉంది, కాని నా నంబరు చూస్తే అక్క ఎత్తుతుందో లేదో అని పిరికితనం. పాత షాపు నంబరు. ఇరవై రెండేళ్ళు బోర్డు మీద ఉన్న నంబరు, నా షాపుకి నేనెప్పుడూ ఫోన్ చేయలేదు. రెండు రింగులకే ఎత్తింది. "కర్టెన్ల షాపండీ, చెప్పండి. కిటికీయా, గుమ్మమా?" అదే గొంతు, నోట్లో పెన్సిలు ఉన్నట్టు.

"కిటికీ అండీ" అన్నాను.   "ఒక్కటే కిటికీ. కుట్టివ్వడం ఏడాది ఆలస్యమైంది. కొత్త ఇంటి కొలత నా దగ్గర లేదు. పన్నెండింటి బండికి వస్తున్నా అక్కా. బావ ఇంట్లో ఉంటారా?"

 టైపిస్టమ్మ తల తిప్పుకుంది. తర్వాత అక్క ఒకసారి ముక్కు ఎగబీల్చింది, గొంతు సవరించుకుంది.

"దారిలో షాపుకెళ్ళి గుడ్డ తెచ్చుకో, ఇక్కడ మిషనుంది" అంది. "కొలత ఇప్పుడే రాసుకో చిన్నోడా. అడ్డం ముందు."

పద్నాలుగో నంబరు చీటీ వెనక్కి తిప్పాను.